రెండు కిలోల రాయి

రిజిస్టరులో నా పేరు చూసి
"ఉరుకుందా? ఎక్కడికండీ ఉరుకు?" అని
తాతాజీగారు ప్రతి నెలా అదే నవ్వు నవ్వుతారు.
మా ఆదోని వైపు దేవుడి పేరని
ప్రతి నెలా అదే జవాబు చెప్తాను.
వచ్చిన పని అన్న గడిలో "తూకాలు" అని రాస్తాను.
మూడు వందల యాభై. వేడినీళ్ళు ఆరింటికి, ఒక్క బకెట్టే.
ఆరుంపావుకి అడిగితే
"అయిపోయాయండి, ఆయ్."

పాలకొల్లులో, కాలవ వైపు, మేడ మీద తొమ్మిదో నంబరు.
కిటికీ తీస్తే దోమలు, మూస్తే నేను.
ఫ్యాను మూడు మీద తిరుగుతుంది, ఐదు మీద ఏడుస్తుంది.
నాకన్నా ముందు పడుకున్నవాళ్ళ లెక్కలు గోడంతా:
ఎరువుల కంపెనీవాడి బాకీలు,
రొయ్యపిల్లల లారీ నంబరు,
ఎవరో "సరళ" అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి,
ప్లగ్గు పక్కన పెన్సిలుతో "ఇక్కడ చార్జింగు ఎక్కదు."
నిజమే, ఎక్కదు.

పగలంతా రొయ్యల కాటాల దగ్గర.
వీరవాసరం, మొగల్తూరు, దొడ్డిపట్ల.
ఐసు కరిగి మోచేతుల దాకా కారుతుంటే
కాటా మీద నా రాళ్ళు పెట్టి, సున్నా సరిచేసి,
తడిసిన కాగితం మీద సంతకం పెట్టించుకుంటాను.
మా ఊళ్ళో కొళాయికి ఐదో రోజు దాకా చూస్తాం.
ఇక్కడ ఇంటి ముందూ వెనకా నీళ్ళే,
తాగడానికి మాత్రం డబ్బా కొనాలి.
రాత్రి మాదేవి ఫోను. "తింటివా?"
"తింటిని."
"ఏం తింటివి?"
అక్కడ కాస్త ఆలోచించాల్సొస్తుంది.

ట్రే బరువు, ఐసు బరువు, తడి బరువు
తీసేసి చూడ్డమే నా పని.
దీపమార్పాక ఒక్కోసారి నా జీతం మీదా అదే లెక్క వేస్తాను:
అద్దె తీసేసి, బస్సులు తీసేసి, టిఫిన్లు తీసేసి...
ఎంత తేలిందో చూసేలోపు నిద్ర పడుతుంది.

పోయిన నెల, గదులూడ్చే సువార్తమ్మ చీపురు
మంచం కింద పెట్టెకి తగిలి ఆగింది.
"ఇందులో ఏటండి బాబూ, బంగారవా?"
మూత తీశాను. గుంటల్లో వరసగా ఇత్తడి రాళ్ళు.
"ఇయి అబద్ధమాడవా?"
ఆడవన్నాను.
ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.
"ఒకటి గంటసేపు ఇత్తారా? రెండు కేజీలది."

కంపెనీ సొత్తు. వట్టి చేత్తో ముట్టకూడదని రూలు.
ఇచ్చాను. ఎందుకని అడగలేదు.

మేం వదిలేసి పోయిన నీళ్ళ సీసాలు, పేపర్లు,
పదకొండేళ్ళుగా గోనెకెత్తి
పాత సామాన్ల కొట్లో వేస్తుందట.
ఆ కాటా మీద నా రాయి పెట్టింది.
పదిహేడు వందల గ్రాములు చూపించిందట.
"ఆదోని రాయి ఇది, దీనికి అబద్ధం రాదు" అని
నలుగురి ముందూ ఎత్తి ఎత్తి నాలుగుసార్లు పెట్టిందట.
వాడేమన్నాడన్నాను.
"బేటరీ డౌనన్నాడండి."
పడీ పడీ నవ్వింది.
గుమ్మంలో కూర్చుని వేళ్ళు ముడవసాగింది,
కేజీకి నూట యాభై గ్రాములు, వారానికి ఎన్ని కేజీలు,
ఏడాదికి...
ఎక్కడో ఆపేసి,
చీపురు తీసుకుని పదో నంబరులోకి పోయింది.

సాయంత్రం రాయి నా మంచం మీదుంది,
ఉతికిన గలేబు మీద, పెళ్ళి చెంబులా మెరుస్తూ.
చింతపండేసి తోమిందట, ముగ్గుపిండితో రుద్దిందట.
"ఎవరెవరి చేతులో తగిలాయి కదండీ."

మర్నాడు భీమవరం ఆఫీసులో తూచాను.
నూట నలభై మిల్లీగ్రాములు తక్కువ.

తెల్లారగట్ల, మూడు మీద తిరిగే ఫ్యాను కింద,
ఫారంలో తేదీ రాశాను. రాయి నంబరు రాశాను. లోటు రాశాను.
"కారణం" అన్న గడి దగ్గర
పెన్ను పట్టుకుని ఉండిపోయాను.
కింద నుంచి తాతాజీగారి కేక,
వేడినీళ్ళు అయిపోయాయని.